రాగి పళ్లెం అంచు చీలిపోతోంది, వేసిన చుక్కలు చెరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

కావలి_పద్మ
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కావలి. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. తాంబూలంతో పాటు దగ్గరి ముత్తైదువులకు నా చేత్తో చేసిన రాగి కుంకుమ పళ్లెం ఒక్కొక్కటి ఇవ్వాలని ఆశ. మొత్తం 21 మంది. అరచేతిలో ఇమిడేంత, 10 సెంటీమీటర్ల వెడల్పు చాలు. లోపలంతా సుత్తి చుక్కలు ఉండాలి. దీపం పక్కన పెడితే చెరువు నీళ్ల మీద ఎండ ఆడినట్టు మెరుస్తాయి కదా, అట్లా.

నెల్లూరులో పాత్రల అంగడిలో రేకు కొన్నాను. 26 గేజ్ అన్నారు. కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, ఇనప దిమ్మె మీద పెట్టి, గుండు తల సుత్తితో చుక్కలు కొట్టాను. అంతవరకు బాగా వచ్చింది. తర్వాత లోతు కోసం పెరట్లో ఉన్న పాత రోటి గుంట మీద పెట్టి అదే సుత్తితో మధ్యలో కొట్టాను. కాసేపటికి రేకు మొండికేసింది. ఎంత కొట్టినా దిగదు. అంచు ముడతలు పడింది, సరిచేయబోతే రెండు చోట్ల చీలింది. లోపలి చుక్కలు సగం చెరిగిపోయాయి, వెనక వైపు రోటి గరుకంతా అచ్చు పడింది. మూడు పళ్లాలూ ఇంతే. పెళ్లికి మూడు నెలలు ఉంది కానీ ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

మూలాపేట_కంచరివారు
ఆదివారం, రాత్రి 9:52

పద్మక్కా, మాది నెల్లూరు మూలాపేట. మా తాత కంచరి. బిందెలు, చెంబులు, గంగాళాలు చేసేవాడు. నేను ఆ పనిలోకి పోలేదు, కంపెనీ ఉద్యోగం. కానీ పదిహేనేళ్లు వచ్చేదాకా ఆయన కొలిమి దగ్గర తిత్తి ఊదింది నేనే.

మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను. అందులో నిప్పు మాటే లేదు. రేకును ఒక్కసారైనా కాల్చారా? రాగిని కొట్టేకొద్దీ అది బిగుసుకుంటుంది. బిగుసుకున్నాక కొడితే చీలడం తప్ప దానికి వేరే దారి లేదు. ఎర్రగా కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం. కంచరి పనంతా ఇదే.

ఎప్పుడు కాల్చాలో ఎట్లా తెలుస్తుంది అంటారేమో. చెవితో. మెత్తటి రాగి మీద సుత్తి పడితే తప్, తప్ అని మందంగా పలుకుతుంది. కొట్టగా కొట్టగా ఆ శబ్దం సన్నబడి, టంగ్ టంగ్ అని గంట లాగా మోగుతుంది, సుత్తి చేతిలో ఎగురుతుంది. మా తాత ఆ టైంలో పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఉండేవాడు, మధ్యలో ఆగి "మాట మారింది, మంటలో పెట్టు" అనేవాడు. అట్లా మోగడం మొదలయ్యాక ఇంకొక్క దెబ్బ కూడా కొట్టబాకండి.

రెండోది, కత్తిరించాక అంచును ఆకురాయితో రుద్దారా? కత్తెర వదిలిన చిన్న చిన్న గాట్లలోనే చీలిక మొదలవుతుంది. వేలు పెట్టి తిప్పితే ఎక్కడా గుచ్చుకోకూడదు.

ఒంగోలు_గ్యాస్‌వర్క్
ఆదివారం, రాత్రి 10:20

కాల్చడానికి చిన్న ఎల్‌పీజీ టార్చ్, కింద రెండు మంట ఇటుకలు ఉంటే చాలండి. మంట ఒకే చోట నిలపకుండా గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. పగటి ఎండలో చేయకండి, ఎరుపు కనపడక ఎక్కువ కాల్చేస్తారు. సాయంత్రం నీడలో, ముదురు ఎరుపు కనిపించీ కనిపించనట్టు ఉన్నప్పుడే మంట తీసేయాలి. ఇంకో మాట, వేడి మీద నీళ్లలో వేయకండి. ఇనుము లాగా గట్టిపడిపోతుంది. దానంతట అది చల్లారనివ్వండి.

గూడూరు_సైన్స్‌మాస్టారు
సోమవారం, ఉదయం 6:15

ఒంగోలు మిత్రులు చెప్పిన టార్చ్ పద్ధతి సరిగ్గా ఉంది. నీళ్ల విషయంలో మాత్రం ఒక సవరణ. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడేది అందులో కార్బన్ ఉండడం వల్ల. రాగికి ఆ గుణం లేదు. నీళ్లలో ముంచినా, గాలికి చల్లార్చినా ఒకటే మెత్తదనం. ముంచితే లాభం ఏమిటంటే టైం కలిసొస్తుంది, పైనున్న నల్ల పొర కొంత రాలిపోతుంది. పళ్లాన్ని బల్లపరుపుగా పడేయకుండా పటకారుతో పట్టుకుని ఏటవాలుగా దించండి, వంకర పోదు. ఆవిరి చేతికి తగలకుండా చూసుకోండి.

రాగి ఎందుకు బిగుసుకుంటుందో కూడా చెబుతాను. లోహం లోపల సన్నని స్ఫటికాలు ఉంటాయి. దెబ్బ పడినప్పుడు వాటిలో పరమాణువుల వరసలు ఒకదాని మీద ఒకటి జారతాయి, అందుకే రేకు సాగుతుంది. దెబ్బలు ఎక్కువయ్యేకొద్దీ ఆ జారుడు దారులు దారపు ఉండలా చిక్కుపడిపోతాయి. ఇక జరగడానికి చోటు ఉండదు. కాల్చినప్పుడు ఆ చిక్కు స్ఫటికాల చోట కొత్త స్ఫటికాలు పుడతాయి. దానికి ముదురు ఎరుపు, అంటే 600 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ సరిపోతుంది. రాగి కరిగేది 1085 దగ్గర, కాబట్టి చాలా ఎడం ఉంది. కానీ నారింజ రంగు దాకా తీసుకెళ్తే స్ఫటికాలు లావైపోయి, తర్వాత సాగదీసినప్పుడు పైభాగం నారింజ తొక్కలా గతుకులు తేలుతుంది.

ఒంగోలు_గ్యాస్‌వర్క్
సోమవారం, ఉదయం 8:02

మాస్టారూ, నిన్న నేను చెప్పింది ఇనుము పని అలవాటుతో అన్న మాట. పొద్దున్నే షాపులో ఒక రాగి ముక్కను సగానికి కోసి, ఒకటి ముంచి, ఒకటి ఆరబెట్టి చూశాను. రెండూ చేత్తో ఒకేలా వంగాయి. మీరు చెప్పిందే నిజం.

కావలి_పద్మ
బుధవారం, రాత్రి 8:40

ముందుగా మీ అందరికీ ధన్యవాదాలు. టార్చ్ తెప్పించాను. నిన్న సాయంత్రం చీకటి పడుతుండగా మొదటిసారి కాల్చాను. నేను ఇంతవరకు చూడని రంగులు చూశాను. ముందు నారింజ, దాని వెనకే ఊదా, ఆ తర్వాత నెమలి కంఠం రంగు ఒక అలలాగా మంట చుట్టూ పరిగెత్తింది. అవన్నీ పోయి బూడిదగా, నల్లగా అయింది. ఇంక అయిపోయింది, పాడైపోయింది అనుకునేలోపు ఆ నలుపు లోపల నుంచి ఎరుపు మెల్లగా ఊరింది. మంట తీసి నీళ్లలో ముంచితే చుయ్‌మని నల్లటి పెళ్లలు నీటి మీద తేలాయి. బయటికి తీసి రెండు వేళ్లతో నొక్కితే అట్టముక్క లాగా వంగింది. మంటలో పెట్టకముందు రెండు చేతులతో వంచినా వంగని రేకు అది!

మిగిలిన నలుపు ఎట్లా పోతుంది?

గూడూరు_సైన్స్‌మాస్టారు
బుధవారం, రాత్రి 9:05

చింతపండు, ఉప్పు. రాగి చెంబు తోమే పద్ధతే. 21 పళ్లాలకు ప్రతిసారీ తోమడం కష్టం కాబట్టి లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచుకోండి. అరగంట నానబెట్టి కొబ్బరి పీచుతో రుద్దితే చాలు. ఆ నీళ్లలో ఇనప పటకారు పెట్టకండి. కరిగిన రాగి ఇనుము మీదికి ఎక్కుతుంది, పదో తరగతి పిల్లలకు మైలుతుత్తం నీళ్లలో మేకు వేసి చూపిస్తామే, అదే. ఇనుము అందులో ఉండగా దానికి తగిలిన ఇత్తడి వస్తువు కూడా ఎర్రబడుతుంది. వెదురు పుల్లతో తీయండి.

మూలాపేట_కంచరివారు
బుధవారం, రాత్రి 9:30

అక్కా, రేకు మార్చండి. 26 గేజ్ అంటే అర మిల్లీమీటరు కూడా లేదు, 0.45. సుత్తి చుక్కలకు అది చాలదు, చుక్క పడిన చోట చిల్లు పడేంత పలచనవుతుంది. 22 గేజ్ తీసుకోండి, 0.71 మిల్లీమీటర్లు. 18కి పోబాకండి, 1.2 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ చెయ్యి నొప్పి పుడుతుంది. అంగట్లో గేజ్ నంబరు నమ్మకుండా స్క్రూగేజ్‌తో కొలిపించి తీసుకోండి.

గూడూరు_సైన్స్‌మాస్టారు
బుధవారం, రాత్రి 9:48

లెక్క వేశాను. 10 సెంటీమీటర్ల బిళ్ల 22 గేజ్‌లో దాదాపు 50 గ్రాములు తూగుతుంది. చదరం కోసి గుండ్రంగా చేస్తే మూలల తరుగు పోతుంది కాబట్టి ఒక్కోదానికి 64 గ్రాముల రేకు కావాలి. 21కి 1.35 కిలోలు. ఒకటిన్నర కిలో తీసుకుంటే రెండు పాడైనా ఫరవాలేదు. మూలల ముక్కలు పారేయకండి, కొత్త నగిషీ ఏది ప్రయత్నించాలన్నా ముందు వాటి మీదే చేసి చూసుకోవచ్చు.

పామూరు_రాధ
గురువారం, మధ్యాహ్నం 2:15

పద్మ గారూ, నేను పామూరులో రాగితో గొలుసు బిళ్లలు, దీపం పళ్లేలు చేస్తాను. లోతు విషయంలో నా మాట: నగిషీ ముందు, లోతు తర్వాత. బల్లపరుపు రేకు మీద నగిషీ వేయడం తేలిక, అంతటా ఒకేలా పడుతుంది. తర్వాత కాల్చి, మెత్తబరిచి, చెక్క గుంటలో పెట్టి కొయ్య సుత్తితో లోతు తీయాలి. కొయ్య రాగి కంటే మెత్తన కాబట్టి నగిషీ చెరగదు. మీరు పైన ఇనప సుత్తి, కింద రాతి రోలు పెట్టారు. నడుమ రాగి ఏం చేస్తుంది పాపం, రెండు వైపులా నలిగిపోయింది.

మూలాపేట_కంచరివారు
గురువారం, రాత్రి 7:50

రాధ గారూ, మీ పద్ధతి కాదనను. కానీ సుత్తి చుక్కల సంగతి వేరు. కంచరివాళ్లు చెంబుకు చుక్కలు అందం కోసం మాత్రమే వేయరు. ఆఖరిసారి కాల్చాక చెంబు మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. ఆ చివరి చుక్కల దెబ్బలతోనే అది బిగుసుకుని గట్టి పాత్ర అవుతుంది. చుక్కలు ముందే వేసి, తర్వాత కాల్చి, కొయ్య సుత్తితో లోతు తీస్తే పళ్లెం అందంగానే ఉంటుంది, కానీ మెత్తగా ఉండిపోతుంది. ఇంటికి తీసుకెళ్లే లోపు సంచిలో వంకర పోతుంది.

అందుకని పద్మక్కకు నేను చెప్పేది: లోతు ముందు, చుక్కలు ఆఖరున. చుక్కలు వేశాక మళ్లీ మంట చూపించకూడదు.

పామూరు_రాధ
గురువారం, రాత్రి 8:35

మెత్తగా ఉండిపోతుందన్న మాట నిజమే. నా పళ్లేలకు చివర అంచును ఇనప దిమ్మె మీద కొట్టి బిగిస్తాను, అందుకే నాకు ఆ ఇబ్బంది రాలేదు. చుక్కలకైతే మీ పద్ధతే సరైనది. ఆకు అచ్చు, రాతి గరుకు లాంటి నగిషీలకు మాత్రం వంపులో అచ్చు పడదు, బల్లపరుపు మీదే వేయాలి. వాటికి నా పద్ధతి.

అంచు ఎందుకు ముఖ్యమో ఒక చిన్న మాట. మ్యూజియంలో పాత రాగి శాసనాలు చూశారా? చాలా రేకులకు అంచు కాస్త పైకి లేపి ఉంటుంది. రేకులు ఒకదాని మీద ఒకటి రాసుకున్నా లోపలి అక్షరాలు అరగకుండా అట్లా చేసేవాళ్లు. పళ్లేలు ఒకదాంట్లో ఒకటి పేర్చి పెట్టేవాళ్లకు ఈ సంగతి పనికొస్తుంది.

చీమకుర్తి_శ్రీను
గురువారం, రాత్రి 10:10

రాతి గరుకు అన్నారు కాబట్టి నేనూ చెప్తా. నేను చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తాను. ఫ్లేమ్డ్ ఫినిష్ అని ఉంటుంది, రాయి మీద మంట పట్టిస్తే పై పలుకులు చిటచిటా ఎగిరిపోయి సన్నటి గరుకు మిగులుతుంది. ఆ ముక్క మీద కాల్చి మెత్తబరిచిన రాగి రేకు పరిచి, పైన తోలు ముక్క వేసి కొయ్య సుత్తితో కొట్టండి. తడి ఇసుక మీద వాన చినుకులు పడ్డట్టు వస్తుంది. రేకు కదలకుండా నాలుగు మూలలా టేపు వేయాలి, కదిలితే అచ్చు రెండుగా పడుతుంది. మా దగ్గర తరుగు ముక్కలు కుప్పలుగా పడి ఉంటాయి, ఎవరికైనా కావాలంటే అడగండి.

మార్కాపురం పలక రాయి మీద ఎట్లా ఉంటుందని మా తమ్ముడు అడిగాడు. చేసి చూశాం. పలక పొరలు పొరలుగా లేస్తుంది, సుత్తి పనికి ఆగదు.

ఉదయగిరి_చెక్కపని
శుక్రవారం, ఉదయం 11:30

గుంట గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. నేను ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఇంటివాణ్ణి. చింత మొద్దు తీసుకోండమ్మా. మాంసం కొట్టే అంగట్లో వాడేది అదే కదా, ఎన్ని దెబ్బలైనా తింటుంది. మొద్దును నిలువుగా పెట్టి, కోసిన ముఖం మీద, అంటే వలయాలు కనపడే వైపు గుంట తీయాలి. పక్క వైపు తీస్తే పీచు వెంట చీలుతుంది. 10 సెంటీమీటర్ల పళ్లేనికి గుంట వెడల్పు 9, లోతు ఒకటిన్నర సెంటీమీటరు. అంచు దగ్గర మెలమెల్లగా దిగాలి, గిన్నెలాగా నిటారుగా దిగితే ముడత పడుతుంది. గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. గుంటలో ఏముంటే అది రాగి వీపు మీదికి వస్తుంది.

మొద్దు కింద ఇసుక నింపిన గోనె సంచి వేయండి. శబ్దం సగం తగ్గుతుంది, మొద్దు కదలదు.

కావలి_పద్మ
శుక్రవారం, రాత్రి 9:00

మా వీధి చివర మాంసం అంగడి అబ్బాయి పాతబడిన చింత మొద్దు ఒకటి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు, పెళ్లికి అన్నానని. మా వడ్రంగి గుంట తీశాడు. ఒక సందేహం. దెబ్బ మధ్యలో మొదలుపెట్టాలా, అంచు నుంచి మొదలుపెట్టాలా?

మూలాపేట_కంచరివారు
శుక్రవారం, రాత్రి 9:25

అంచు నుంచి. కంపాస్‌తో వలయాలు గీసుకోండి, వేలెడు ఎడంతో. అంచుకు కాస్త లోపలి వలయం మీద ఒక చుట్టు, తర్వాత దాని లోపలిది, అట్లా మధ్యకు రావాలి. ముందే మధ్యలో కొడితే అక్కడ పలచబడి గుంట పడుతుంది, అంచు అలలు తిరుగుతుంది. మీకు జరిగింది అదే.

సుత్తి ఎప్పుడూ ఒకే చోట పడాలి. తిరగాల్సింది రేకు. ఎడమచేత్తో ఒక్కో దెబ్బకు కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి, పక్క దెబ్బ ముందు దెబ్బ మీదికి సగం ఎక్కాలి. అంచులో ముడత కనపడగానే ఆగి, కొయ్య సుత్తితో దాన్ని మొద్దు చదును మీద సర్దేయండి. ముడత మడతగా మారనిస్తే ఆ పళ్లెం మీద ఆశ వదులుకోవాల్సిందే.

లోతు వచ్చాక చుక్కలు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. పళ్లాన్ని ఇనప దిమ్మె మీద పెట్టి లోపలి నుంచి కొడతారు కదా, కొట్టే చోటు కింద దిమ్మె తగిలి ఉండాలి. పళ్లెం వీపు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఒక్క చోటే ఆనుతుంది. ఆ ఆనిన చోటే దెబ్బ పడాలి. తప్పితే డొల్ల శబ్దం వస్తుంది, చుక్క బదులు సొట్ట పడుతుంది. మళ్లీ చెవి సంగతే.

సుత్తి ముఖం అద్దంలా ఉందో లేదో చూసుకోండి. దాని మీద ఒక్క గీత ఉన్నా ప్రతి చుక్కలోనూ ఆ గీత కనపడుతుంది. సన్నటి గరుకు కాగితం, ఆ తర్వాత పాలిష్ పట్టించండి.

కందుకూరు_లక్ష్మి
శనివారం, ఉదయం 7:20

చాలా బాగుంది ఈ చర్చ. నాకో సందేహం. వీటిలో ఆవకాయ, పెరుగు లాంటివి వడ్డించుకోవచ్చా? రాగి మంచిది అంటారు కదా.

గూడూరు_సైన్స్‌మాస్టారు
శనివారం, ఉదయం 7:45

వద్దమ్మా. దయచేసి వద్దు. పులుపు ఏదైనా రాగిని కరిగిస్తుంది. పెరుగు, ఊరగాయ, నిమ్మకాయ, చారు ఇవేవీ ఉత్త రాగిలో పెట్టకూడదు. ఎక్కువ రాగి కడుపులోకి పోతే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. అందుకే మన పెద్దవాళ్లు వంట పాత్రలకు కళాయి పూయించేవారు. నవాసాగరంతో లోపలి భాగం శుభ్రపరిచి, వేడి మీద తగరం పూయడమే కళాయి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయి పాత్రను ఖాళీగా పొయ్యి మీద ఉంచినా పూత పోతుంది. కుంకుమ, పసుపు, పూలు, వక్కలు, పటికబెల్లం పెట్టుకోండి, ఏ ఇబ్బందీ లేదు.

పామూరు_రాధ
శనివారం, సాయంత్రం 5:10

ఆకు అచ్చు ఎవరైనా ప్రయత్నించాలనుకుంటే నా అనుభవం చెబుతాను. రావి ఆకును నీళ్లలో కుళ్లబెట్టి కండ అంతా తీసేస్తే ఈనెల జల్లెడ మిగులుతుంది. అది బాగా ఆరాక, కాల్చిన రాగి రేకు మీద పెట్టి, పైన ఒక ఇత్తడి రేకు కప్పి, కంసాలి రోలింగ్ మిషన్‌లో ఒక్కసారి లాగాలి. రెండోసారి లాగకూడదు, అచ్చు జరిగిపోతుంది. వెంట్రుక లాంటి ఈనె కూడా పడుతుంది. మా ఊరి కంసాలి ముందు ఒప్పుకోలేదు, రాగి రవ్వ తన బంగారం తరుగులో కలుస్తుందని. ఆయన భయంలో న్యాయం ఉంది. రేకు అంచు బాగా రుద్ది, పైనా కిందా కాగితం పెట్టి, పనయ్యాక రోలర్లు నేనే తుడిచి ఇస్తానన్నాక ఒప్పుకున్నాడు.

మెరుపు నిలవాలంటే చివర పల్చగా తేనె మైనం రాసి మెత్తటి గుడ్డతో తుడవండి. చుక్కల గుంటల్లో నలుపు ఉండి, గట్లు మాత్రం మెరవాలంటే ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన చిదిమి, పళ్లెంతో పాటు మూత డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. అందులోని గంధకం ఆవిరికి రాగి నల్లబడుతుంది. పొద్దున గట్ల మీద నలుపును పీచుతో తీసేస్తే గుంటల్లో ఉండిపోతుంది.

కావలి_పద్మ
పదిహేను రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:30

ఆలస్యానికి క్షమించండి. నాలుగో పళ్లెం, అయిదోది పోయాయి. ఆరోది నిలబడింది. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి.

ఆరోది చేస్తున్నప్పుడు జరిగింది చెప్పాలి. నాలుగో వలయం మీద కొడుతున్నాను, పక్కన మా అత్తగారు కూరగాయలు తరుగుతున్నారు. ఉన్నట్టుండి ఆమె తలెత్తి "ఏందమ్మా, శబ్దం మారిందే" అన్నారు. నాకు అప్పటికి వినపడలేదు. ఆగి మళ్లీ ఒక దెబ్బ కొట్టి చూశాను. నిజమే, సన్నగా మోగింది. వెంటనే కాల్చాను. ఆ రోజు నుంచి నేనూ వింటున్నాను. ఒక్కో పళ్లెం మూడుసార్లు కాలుస్తున్నాను, లోతు తీసేటప్పుడు రెండుసార్లు, చుక్కలకు ముందు ఒకసారి. చుక్కల తర్వాత మంట లేదు. అంచు పట్టుకుని గట్టిగా నొక్కినా వంగడం లేదు.

ఒక్క లోపం ఉంది. నా సుత్తి ముఖం ఎంత రుద్దినా ఒక మూల చిన్న పగులు పోవడం లేదు. ప్రతి చుక్కలో వెంట్రుకంత గీత. దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది, కానీ నాకు తెలుస్తోంది. మిగతా పన్నెండింటికి కొత్త సుత్తి కొనాలి. మంచిది ఎక్కడ దొరుకుతుంది?

మూలాపేట_కంచరివారు
ఆదివారం, రాత్రి 7:15

కొనబాకండి అక్కా. తాత సుత్తి అటక మీద ఉంది. ఆయన పోయాక ఎవరం ముట్టుకోలేదు. ఇప్పుడే దించి చూశాను, పిడి పురుగు పట్టింది కానీ ముఖం అట్లాగే ఉంది, ఆముదం పూసి గుడ్డ చుట్టి పెట్టాడు. కొత్త పిడి వేయించి వచ్చే ఆదివారం నేనే తీసుకొస్తాను. మీకు అభ్యంతరం లేకపోతే ఒక పళ్లెం నేనూ కొడతాను.

ఉదయగిరి_చెక్కపని
ఆదివారం, రాత్రి 7:40

పిడి కొలత పంపించు తమ్ముడూ. వాకిట్లో ఎండిన చెక్క ఉంది, నేను చెక్కి బస్సులో వేస్తాను.

కావలి_పద్మ
ఆదివారం, రాత్రి 8:05

తప్పకుండా రా తమ్ముడూ. పొద్దున రైలుకే రా, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. మొద్దు మీద ఇంకో గుంట కూడా తీయించి పెడతాను, ఇద్దరం చెరో వైపు కూర్చోవచ్చు.